ఏం కావాలని అడగని వంటిల్లు

ఆగస్టులో గోదావరి ఎర్రబడి లంకల మీదికి వచ్చిందంటే, ఆ తర్వాత కొన్ని వారాలు అక్కడి ఇళ్లలో పచ్చికూర మాట మర్చిపోవాలి. వంగ మొక్కలు నిలబడ్డ చోటే కుళ్లిపోతాయి. ఆనపపాదు పందిరితో సహా పోతుంది. అప్పుడు అటక మీంచీ అలమరల్లోంచీ వేసవిలో దాచుకున్నవి కిందికి దిగుతాయి. మామిడి ఒరుగులు, బూడిదగుమ్మడి వడియాలు, చల్ల మిరపకాయలు, మాగాయ. ఒరుగులు నానబెట్టి పప్పులో వేస్తారు, వడియాలు పులుసులో పడతాయి. చేప తినే ఇళ్లకు మాత్రం ఇదే అసలు రుతువు. ఏ వరద కూరగాయల్ని పట్టుకుపోయిందో ఆ వరదకే ఎదురీది సముద్రం నుంచి పులస పైకి వస్తుంది. దాని ధర విని సగం మంది వాసనతో సరిపెట్టుకుంటారు, అది వేరే సంగతి. మొత్తానికి ఆ నెలలో ఏం తినాలన్నది ఏరు చెబుతుంది, మనిషి వింటాడు.

అలాంటి ఒక ఆగస్టులోనే రాజోలు వైపు, ఏటిగట్టుకు దగ్గర్లో, పాత మండువా లోగిలిని బాగుచేసి పెట్టిన భోజనశాలకు వెళ్లాను. పేరు చెప్పను. ఇల్లు ముచ్చటగా ఉంది, వంటా బాగుంది, నా తగువు వాటితో కాదు. కోనసీమలో ఇప్పుడు ఇదొక వరస. పిల్లలు హైదరాబాద్‌లోనో డాలస్‌లోనో స్థిరపడితే తాళం పడ్డ ఇళ్లకు మళ్లీ సున్నం వేయించి, విరిగిన పెంకులు మార్పించి, టేకు స్తంభాలకు నూనె పట్టించి, వచ్చేవాళ్లకు గదులూ భోజనమూ ఏర్పాటు చేస్తున్నారు. మండువా నడుమ వాన పడే చోటు అలాగే వదిలారు. ధాన్యం పోసుకునే గదిలో ఏసీ పెట్టారు. గోడ మీద బొగ్గుతో రాసినట్టు కనిపించే అక్షరాల్లో ‘మా చేలోంచి మీ విస్తట్లోకి’ అని ఉంది. తర్వాత మెనూ కార్డు వచ్చింది. ప్లాస్టిక్ పూత వేసిన కార్డు, పన్నెండు నెలలకూ అదే. టమాటా పప్పు, గుత్తివంకాయ, బంగాళాదుంప వేపుడు, పన్నీరు కూర, బీన్స్. కిటికీలోంచి చూస్తే మోకాటి లోతు నీళ్లలో నిలబడి ఉన్న చేలు. కార్డు మీద గుత్తివంకాయ.

ఆ ఇంటి కుర్రాడే యజమాని. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం మానేసి వచ్చాడు. మర్యాదస్తుడు. వంకాయ ఎక్కడిదని అడిగితే దాచలేదు.

“రావులపాలెం మార్కెట్టుదేనండి. టమాటా మదనపల్లిది. కందిపప్పు మేమెక్కడ పండిస్తామండి, అది అటు గుల్బర్గా నుంచో ఎక్కణ్నుంచో వస్తది.”

“మరి మీ చేలోది ఏముంది?”

“కొబ్బరికాయ ఉందండి. అరటాకు మాదే.” కాసేపు ఆలోచించి, “కంద కూడా మాదే బాబాయిగారూ, కానీ అడిగేవాళ్లు లేరు” అన్నాడు.

నాకు కంద పెట్టమన్నాను. సంతోషపడ్డాడు గానీ, ఆ వెంటనే తన కష్టం చెప్పాడు. వచ్చేవాళ్లు ఊళ్ల నుంచి కారులో పిల్లల్ని వేసుకుని వస్తారు. పిల్లలు పన్నీరు అడుగుతారు. కంద పెడితే గొంతు దురదంటారు. పనసపొట్టు పెడితే ఇదేంటి పీచు అంటారు. అడిగింది లేదంటే ఫోన్లో చుక్కలు తగ్గిస్తారు. “వాళ్లకి చేను చూడాలని ఉంటదండి. తినాలని ఉండదు” అన్నాడు. దీనికి నా దగ్గర జవాబు లేదు. ఆ మాట పట్టుకుని చాలా రోజులు ఆలోచించాను.

చేలో పండింది విస్తట్లో వడ్డించాలంటే, తినేవాడికి ఏం కావాలో అడగకూడదు. ఇంతకన్నా సూత్రం ఏమీ లేదనుకుంటాను. అడిగావా, బజారుకు వెళ్లాలి. చేనుకు మన కోరికలతో పని లేదు. అది ఈ వారం పొట్లకాయ ఇస్తే వచ్చే వారం కూడా పొట్లకాయే ఇస్తుంది. ‘తాజా’, ‘స్థానికం’ అన్న మాటలు రెండూ గోడ మీద రాయడం తేలిక. వాటితో పాటు రావలసిన మూడోది, ‘ఇవాళ ఇదే ఉంది’ అన్నది, చెప్పడం కష్టం. దానికి గుండె కావాలి, లేదా గతిలేకపోవాలి.

ఈ ఊహను లోకానికి కొత్తగా చూపించినవాళ్లు ఈ సంగతి తెలిసే మొదలుపెట్టారు. అమెరికాలో బర్క్‌లీ ఊళ్లో అలిస్ వాటర్స్ అనే ఆవిడ 1971లో ‘షె పనీస్’ అనే భోజనశాల తెరిచినప్పుడు రోజుకు ఒకటే భోజనం. వచ్చినవాళ్లు ఆ రోజు వండింది తిని వెళ్లాలి. న్యూయార్క్‌కు ఉత్తరాన రాక్‌ఫెల్లర్ల పాత పశువుల కొట్టాల్లో 2004లో డాన్ బార్బర్ పెట్టిన ‘బ్లూ హిల్’లోనయితే కొన్నాళ్లకు మెనూ కార్డునే తీసేశారు. పొలంలో ఏముంటే అది వరసగా వస్తుంది. ఆ భోజనానికి మనిషికి వందల డాలర్లు. బార్బర్ 2014లో ఒక పుస్తకం రాసి తన తరహా హోటళ్లనే తప్పుపట్టాడు. వంటవాడు చేలోంచి తనకు నచ్చిన నాలుగు ముద్దుల కాయలు ఏరుకుని, నేలకు బలమిచ్చే మిగతా పంటల్ని రైతుకే వదిలేస్తే అది చేనును తినడం ఎలా అవుతుందని అతని ప్రశ్న. అసలువాళ్ల సంగతి ఇది. వాళ్లను చూసి పెట్టినవాళ్లు గోడ మీది రాతలు తీసుకున్నారు, క్రమశిక్షణ వదిలేశారు. 2016లో ఫ్లారిడాలో ‘టాంపా బే టైమ్స్’ పత్రిక భోజన విమర్శకురాలు లారా రైలీ అలాంటి హోటళ్ల గోడల మీది పేర్లు పట్టుకుని ఆయా రైతులకు ఫోన్లు చేస్తే, మేం వాళ్లకు ఏమీ అమ్మడంలేదే అన్నవాళ్లు చాలామంది తేలారు. మా రాజోలు కుర్రాడు కనీసం అడిగిన వెంటనే నిజం చెప్పాడు.

మెనూ లేని, చేను మీదే నడిచిన, దారి పక్కన వచ్చేపోయేవాళ్లకు అన్నం పెట్టిన ఇల్లు కోనసీమలోనే ఉంది. లంకల గన్నవరంలో డొక్కా సీతమ్మగారి ఇల్లు. ఆంధ్రుల అన్నపూర్ణ అని ఆవిడ పేరు బడిపిల్లలకు కూడా తెలుసు. పేరు తెలియడం వల్ల వచ్చిన చిక్కేమిటంటే, ఆవిడను దేవత చేసి పటం కట్టేశాం, ఆ వంటిల్లు ఎలా నడిచి ఉంటుందన్నది ఆలోచించడం మానేశాం.

సీతమ్మగారు 1841లో మండపేటలో పుట్టారు. తండ్రి అనుపిండి భవానీశంకరంగారు. వచ్చినవాళ్లకల్లా అన్నం పెడతాడని ఊరు ఆయన్ని బువ్వన్న అనేది. గన్నవరం నుంచి డొక్కా జోగన్న పంతులుగారు పండిత సభకు వెళ్లి తిరిగివస్తూ, మిట్టమధ్యాహ్నం వేళ మండపేటలో ఆ ఇంట భోజనానికి ఆగారని, అక్కడే పెళ్లికూతుర్ని చూశారని చెబుతారు. అన్నం దగ్గర కుదిరిన సంబంధం అన్నమాట. మెట్టినిల్లు ఉన్న చోటు కూడా అలాంటిదే. వశిష్ఠ నుంచి వైనతేయ పాయ చీలేది గన్నవరం దగ్గరే. వంతెనలు లేని రోజులు. రాజోలు వైపు నుంచి అమలాపురం వెళ్లాలన్నా, ఇటువాళ్లు అంతర్వేది తీర్థానికి వెళ్లాలన్నా ఏరు దాటాలి. పడవ ఎప్పుడు దొరుకుతుందో, ఎప్పుడు ఒడ్డు చేరుతుందో మనుషుల చేతిలో లేదు. అందుకని జనం వేళ కాని వేళ ఆకలితో గట్టెక్కేవాళ్లు. పెళ్లివాళ్లు, కోర్టు పనులవాళ్లు, తీర్థయాత్రలవాళ్లు, సరుకు మోసేవాళ్లు. రేవుకు దగ్గర్లో పొయ్యి ఆరని ఇల్లు ఒకటి ఉందని వాళ్లకు తెలుసు.

ఆ పొయ్యిలో అన్నం ఎక్కడిది? జోగన్నగారికి పొలం ఉంది, పాడి ఉంది. ఇంతవరకూ అందరూ రాస్తారు. ఆ పొలం అంత పండడానికి కారణం ఊరి చివరే కనిపిస్తుంది. కాటన్ దొర ధవళేశ్వరం ఆనకట్ట 1847లో మొదలుపెట్టి 1852లో పూర్తిచేశాడు. అప్పటికి సీతమ్మగారికి పది పదకొండేళ్లు. ఆ దశాబ్దంలోనే గన్నవరం దగ్గర వైనతేయ మీదుగా కాలువను అవతలి నగరం లంకకు దాటించే అక్విడక్టు కట్టారు. అంతకుముందు తరం గోదావరి జిల్లాలో కరవుకూ తుపానుకూ చిక్కి వల్లకాడు చూసింది. 1830ల దశాబ్దం మొత్తం అదే కథ. కాలువ నీళ్లు వచ్చాక ఒక తరం రైతుల గాదెల్లో మొదటిసారిగా తిన్నాక మిగిలే ధాన్యం కనిపించింది. ఆ మిగిలినదాన్ని ఏం చెయ్యాలన్నది ఎవరికి వాళ్లు తేల్చుకున్నారు. కొందరు అమ్మారు, కొందరు వడ్డీకి తిప్పారు, కొందరు మరింత పొలం కొన్నారు. సీతమ్మగారు దాన్ని అన్నం చేసి వడ్డించారు. పాత అక్విడక్టు పక్కన ఈ మధ్యకాలంలో కట్టిన కొత్తదానికి ఆవిడ పేరు పెట్టారు. పేర్లు పెట్టడంలో మన ప్రభుత్వాలకు ఎప్పుడూ లేని ఔచిత్యం ఈ ఒక్కచోట అనుకోకుండా కుదిరింది.

ఇక ఆ వంటింట్లో ఏం వండేవారు? చేను, దొడ్డి, లంక ఏమిస్తే అది. అన్నం, పప్పు, ఏదో ఒక కూర, పులుసో చారో, మజ్జిగ, ఊరగాయ. గట్టు మీది కూరఅరటి. దొడ్లో బచ్చలి. చలికాలం కంద, పెండలం. మాఘఫాల్గుణాల్లో పనస లేతకాయలు. వేసవిలో మామిడికాయ ప్రతిదాంట్లోనూ. అర్ధరాత్రి పడవ దిగి వచ్చినవాడికి ఏం కావాలని అడిగే ప్రసక్తి లేదు. వాడూ అడగడు. ఆ ఇంటికి వచ్చేవాడికి కావలసింది ఒకటే, అది ఉంది.

ఆ పద్ధతికి ఖరీదు ఎవరో కట్టాలి కదా. ఆస్తి కరిగిపోయిందని, ఒక దశలో జోగన్నగారు దిగులుపడ్డారని, పొలం తవ్వుతుంటే బంగారు కాసుల బిందె దొరికిందని కథ. బిందె దొరికిందో లేదో గానీ, బిందె దొరికితే తప్ప ఆ లెక్క తేలదని జనానికి అర్థమైందన్నది మాత్రం ఈ కథే చెబుతోంది. ఇంకొక ఖరీదు ఆవిడ ఒంటి మీద పడింది. ఒకసారి అంతర్వేది నరసింహస్వామిని చూడాలని పల్లకిలో బయల్దేరారట. దారిలో పెళ్లివారి గుంపు ఒకటి ఎదురైంది. ఆకలికి ఏడుస్తున్న పిల్లల్ని, ‘ఇంకాసేపు ఓర్చుకోండి, సీతమ్మగారింటికి వెళ్తే అన్నం దొరుకుతుంది’ అని పెద్దవాళ్లు ఊరడిస్తున్నారు. పల్లకీ వెనక్కి తిప్పించి, వాళ్లకన్నా ముందు ఇల్లు చేరి వండిపెట్టారు. ఈ కథ విన్న ప్రతివాడూ ఆవిడ కరుణకు కన్నీళ్లు పెట్టుకుంటాడు. నాకు మాత్రం ఆవిడ ఆ స్వామిని చూడలేకపోయిందే అనిపిస్తుంది. గన్నవరానికి అంతర్వేది ఎంత దూరం! సెలవు లేని వంటిల్లు అది. ఆవిడ వెనక గింజలు దంచినవాళ్లు, నీళ్లు మోసినవాళ్లు, అర్ధరాత్రి లేచి పొయ్యి రాజేసినవాళ్లు ఎందరో. ఒక్కరి పేరూ మనకు మిగల్లేదు.

1903లో ఎడ్వర్డ్ చక్రవర్తి పట్టాభిషేకపు దర్బారు ఢిల్లీలో జరిగినప్పుడు ఆవిడకు ఆహ్వానం వచ్చిందని, రానన్నారని, చివరికి ఫొటో ఒకటి తీయించి పంపితే దాన్ని కుర్చీలో ఉంచి గౌరవించారని ప్రతీతి. ఫొటోకు కూడా మొదట ఒప్పుకోలేదట. తీసుకెళ్లకపోతే తన ఉద్యోగం పోతుందని వచ్చిన అధికారి బతిమాలితే అప్పుడు ఒప్పుకున్నారట. అంటే ఆకలి లాంటిదేదో అవతలివాడి ముఖంలో కనిపిస్తేనే ఆవిడ దగ్గర పని జరిగేది.

ఇదంతా చెప్పి, ఆ రోజులే రోజులు అని నిట్టూర్చడం నాకు ఇష్టం లేదు. ఆ కాలపు సత్రాల్లో పంక్తి కులాన్ని బట్టి సాగేది. ఎవరు లోపల, ఎవరు అరుగు మీద, ఎవరు పెరట్లో అన్నది ఆకలి నిర్ణయించేది కాదు. సీతమ్మగారు కులం చూడలేదని, ఎవరొచ్చినా పెట్టారని చెప్పుకోవడమే ఆ లోకంలో అది ఎంత అరుదో చెబుతుంది. ఇంకొకటి. ఉచితంగా పెట్టిన అన్నం తినేవాడు తలవంచుకుని తింటాడు, పెట్టినావిడ ఎంత మంచిదైనా సరే. ఆ తల ఎత్తుకునే వీలు పూటకూళ్లిల్లు కల్పించింది. డబ్బిచ్చి తినే ఇల్లు మనకు కొత్తది కాదు. క్రీడాభిరామంలో ఓరుగల్లు పూటకూళ్లింట్లో ఒక్క రూకకు ఎంత వైభవంగా భోజనం పెట్టేవారో ఉంది. ఆ తర్వాత శతాబ్దాల్లో ఆ పని చాలాచోట్ల ఆధారం లేని ఆడవాళ్ల చేతిలోకి వచ్చింది. ఊరు వాళ్ల అన్నం తిని వాళ్ల మీదే కథలు అల్లింది. కన్యాశుల్కంలో పూటకూళ్లమ్మ చీపురుకట్టతో గిరీశాన్ని వెతుక్కుంటూ వస్తే నవ్వుతాం. ఆవిడ డబ్బు వాడు ఎగ్గొట్టాడన్న సంగతి నవ్వులో కొట్టుకుపోతుంది. గురజాడ ఆ నాటకాన్ని పెంచి రాసిన రెండో కూర్పు 1909లో వచ్చింది. సీతమ్మగారు పోయింది కూడా 1909లోనే, ఏప్రిల్‌లో. ఒకావిడకు దండాలు, ఒకావిడకు నవ్వులు. ఇద్దరూ చేసింది దారినపోయేవాళ్లకు వండిపెట్టడమే. నన్ను అడిగితే పూటకూళ్లమ్మకు కూడా ఎక్కడో ఒక కాలువ పేరు పెట్టాలి.

రెండు ఇళ్లనూ కలిపేది ఒకటుంది. పూటకూళ్లమ్మ కూడా ఏం కావాలని అడగలేదు. ఆవిడ వండింది తినాలి. ఆ అలవాటు కాకినాడ సుబ్బయ్యగారి హోటల్ లాంటి చోట్ల ఈమధ్య దాకా నిలిచింది. ఆకు ముందు కూర్చుంటే వరసగా వస్తూనే ఉండేవి, మనిషి పని వద్దనడమే. ఎంపిక చేసుకోవడమన్నది తినేవాడి హక్కుగా మారింది తర్వాత. హక్కు వచ్చిన రోజునే చేనుకూ విస్తరికీ మధ్య లారీ వచ్చింది.

ఇప్పుడు చేను సంగతి. కోనసీమ రైతును తన చేలోది తినమని చెప్పేముందు అతను ఏం పండిస్తున్నాడో చూడాలి. కొబ్బరి అంబాజీపేట మార్కెట్టు మీదుగా ఉత్తరాది గుళ్లకు పోతుంది. దాళ్వాలో వేసే బొండాలు ఉప్పుడు బియ్యమై కేరళ వాళ్ల పళ్లెంలోకి పోతాయి. అల్లవరం, కాట్రేనికోన వైపు వరి చేలు చెరువులయ్యాయి. వాటిలో పెరిగే వనామీ రొయ్య అమెరికా వాడి విందుకు. 2025లో అక్కడ సుంకాలు పెంచితే ఇక్కడ చెరువు గట్టు మీద ధర పడిపోయింది. చేలోంచి పళ్లెంలోకి అంటే ఇదీ అదే. దారి పొడవు ఎక్కువ, అంతే. రొయ్యలు పెంచేవాడు మాత్రం కిరాణా కొట్లో సన్నబియ్యం బస్తా కొంటాడు. 2011 ఖరీఫ్‌లో ఇదే కోనసీమ రైతులు పంట విరామం ప్రకటించి వేల ఎకరాలు నాట్లు వెయ్యకుండా వదిలేశారు. ధర లేదు, కూలి గిట్టదు, మురుగు కాలువలు పూడిపోయి నీరు తీయదు. ప్రభుత్వం మోహన్ కందా కమిటీ వేసింది. నూటయాభై ఏళ్ల కిందట కాలువ మిగులు తెచ్చిన చోటే ఇప్పుడు పండించడం నష్టమని తేలింది. ఆ ఏడాది చేలను చూసినవాడికి ‘మా చేలోంచి’ అన్న గోడ మీది రాత చదవాలంటే కాస్త ఇబ్బందిగానే ఉంటుంది.

అయినా నేలకు లొంగి వండే వంటిల్లు కోనసీమలో పూర్తిగా పోలేదు. నాకు తెలిసి ఒకటి తద్దినం వంట. చాదస్తమని ఎవరెంత అన్నా, ఆ రోజున టమాటా, బంగాళాదుంప, క్యాబేజీ, కేరట్ గడప తొక్కవు. ఇంగ్లీషు కూరలని పక్కన పెడతారు. అరటికాయ, కంద, చేమ, పనస, పెసరపప్పు, మినుములు, నువ్వులు, అల్లం. మిరపకాయ కన్నా మిరియానికి మర్యాద ఎక్కువ. పోయినవాళ్లు వాళ్ల కాలంలో ఏం తిన్నారో అదే పెట్టాలన్న పట్టుదల అది. కారణం శాస్త్రమనుకోనీ, భయమనుకోనీ, ఏడాదికి ఒక పూట ఆ ఇంట్లో మదనపల్లి లారీ అవసరం పడదు. ఇంటికొచ్చిన బంధువుల పిల్లలు కూడా ఆ రోజు పన్నీరు అడగరు. అడిగినా ఎవరూ వినరు.

రెండోది డబ్బులేని ఇల్లు. గట్టు మీద పొన్నగంటి కూర కోసుకుని, కాలువలో దొరికిన చిన్నచేప పులుసు పెట్టుకునే ఇల్లు. అక్కడ ఇది సిద్ధాంతం కాదు కనుక దాన్ని గురించి ఎవరూ వ్యాసాలు రాయరు.

పనసపొట్టు సంగతి చెప్పకుండా కోనసీమ వంట గురించి రాస్తే అమలాపురం వాళ్లు ఊరుకోరు. లేతకాయ చెక్కు తీసి, చేతికి నూనె రాసుకుని, బరువైన కత్తితో టకటకమని కొడుతుంటే కాయ పొట్టుగా రాలుతుంది. అంత సన్నగా మిక్సీ కొట్టలేదు, కొట్టినా ముద్దవుతుంది. సంతలో ఆ పని ఒక విద్య. కొనుక్కున్నవాడు మడిచిన అరటాకులో పొట్టు పట్టుకుని ఆ పూటే ఇంటికి చేరాలి, లేకపోతే నల్లబడుతుంది. ఉడికించి, నీరు పిండి, చింతపండు పులుసు, పోపు, జీడిపప్పు ఉంటే జీడిపప్పు. ఆఖరున పచ్చి ఆవముద్ద. ఆవ పెట్టిన కూర మధ్యాహ్నానికి ఒక రకంగా, సాయంత్రానికి మరో రకంగా ఉంటుంది. ఫ్రిజ్‌లో దాచే పని కాదు, హైదరాబాద్ పంపే పని కాదు. నేల మీద మొండిపట్టు పట్టి కూర్చున్న కూర ఇది. ఇలాంటివే పనసాకు బుట్టల్లో ఉడికే పొట్టిక్కలు. ఆత్రేయపురం పూతరేకులకు 2023లో భౌగోళిక గుర్తింపు వచ్చింది, మంచిదే. అది పెట్టెలో పడి విమానం ఎక్కగల సరుకు. పనసపొట్టుకు అలాంటి గుర్తింపు ఇచ్చినా ఉపయోగం లేదు. దాన్ని తినాలంటే మనిషే రావాలి, కాయ కాసిన నెలలోనే రావాలి. రాజోలు కుర్రాడికి నేను ఇవ్వగలిగిన సలహా ఇదొక్కటే. ఏడాదంతా కాకపోయినా ఆ రెండు మూడు నెలలు కార్డు దాచెయ్యమన్నాను. “చూద్దామండి” అన్నాడు. అది కాదనే మర్యాద అని మా వైపు అందరికీ తెలుసు.

అతని మీద బరువంతా పెట్టడం కూడా న్యాయం కాదు. అతను అప్పు చేసి ఇల్లు బాగుచేశాడు, చుక్కలు తగ్గితే వాయిదా కట్టలేడు. ఏం కావాలని అడగనక్కర్లేని, రోజూ వండే, పెద్ద వంటిల్లు ఇంకొకటి ఉంది. 2024లో రాష్ట్ర ప్రభుత్వం బడుల్లో మధ్యాహ్న భోజన పథకానికి డొక్కా సీతమ్మ పేరు పెట్టింది. అప్పటిదాకా రాష్ట్రమంతటికీ ఒకే మెనూ. తర్వాత ప్రాంతాల వారీగా మార్చారు, గోదావరి వైపు ఒకటి, రాయలసీమకు ఒకటి. నాలుగు ముక్కలైనా సరే, నేలలు వేరన్న సంగతి ఒప్పుకున్నట్టే. కానీ పనసకాయ గన్నవరంలో ఏ వారం దిగుతుందో ఆ కాగితం రాసినవాళ్లకు తెలిసే దారి లేదు. బడిలో వండే ఆవిడకు తెలుసు. ఆవిడకు నెలకు 3,000 రూపాయల గౌరవ వేతనం. చిన్న తరగతుల పిల్లవాడికి పప్పు, కూర, నూనె, పోపు, వంటచెరకు అన్నీ కలిపి పూటకు కేంద్రం లెక్క కట్టింది 2025 మే నుంచి 6 రూపాయల 78 పైసలు. ఆ డబ్బుతో ఆవిడ బజార్లో ఏది చవగ్గా ఉంటే అది తెస్తుంది. నాలుగిళ్ల అవతల కొబ్బరితోటలో అంతరపంటగా కంద ఉంటుంది, దానికి మార్కెట్టులో ధర రాక రైతు దిగులుగా ఉంటాడు. అతని దగ్గర నేరుగా కొని ఈ వారం కంద బచ్చలి, వచ్చే నెల పనసపొట్టు అని నిర్ణయించే అధికారం, దానికి సరిపడా మరో రెండు రూపాయలు ఆవిడ చేతికి ఇస్తే ఏమవుతుంది? పిల్లలు మొదట గొంతు దురదంటారు. చింతపండు కాస్త ఎక్కువ వేస్తే మానేస్తారు, అది ఆవిడకు ఎవరూ చెప్పనక్కర్లేదు.